చేప జిగురు

దాను నది ఎగువన, గోసకుడి బిడారం నుంచి

నా కడుపున పుట్టి నా కంటికి దూరమైన మస్పాకు, మీ అమ్మ సైవన చెప్పి రాయిస్తున్న మాటలు.

మీ అక్క పోయింది. చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదని నీకు తెలుసు, అందుకే ముందే చెప్పేస్తున్నాను. అర్దిక పోయింది. దాని కడుపులో మూలికలు పెట్టి కుట్టి, ఒంటికి మైనం పూసి, బండిలో పడుకోబెట్టాం. ఆ బండి వెనకాలే నడుస్తూ, ఆగినచోటల్లా ఈ ఉత్తరం చెబుతున్నాను.

రాస్తున్నది ఫానేసు. నీకు అక్షరాలు నేర్పిన యవన ముసలాడే. పళ్ళన్నీ ఊడిపోయాయి గాని చేతిరాత మాత్రం చెక్కు చెదరలేదని వాడే చెప్పుకుంటున్నాడు. ఉందో లేదో నాకెలా తెలుస్తుంది? నేను చెప్పింది చెప్పినట్టు రాయాలనీ, మధ్యలో నీ సొంత ముక్కలు కలిపావంటే వేలు విరుస్తాననీ చెప్పాను. ఆ మాట కూడా రాయనా అన్నాడు. రాయమన్నాను.

ఇన్నేళ్ళుగా మన మధ్య మాటల్లేవు. ఏటా చలి ముదిరేలోపు నువ్వు ఉప్పు బళ్ళవాళ్ళతో చేప జిగురు పంపేదానివి. నూనె గుడ్డలో చుట్టి, పైన గడ్డితాడు కట్టి పంపేదానివి. నేను తీసుకునేదాన్ని. బాగుందని ఎప్పుడూ కబురు పెట్టలేదు. బాగా లేదని తిప్పి పంపనూ లేదు. మన తల్లీకూతుళ్ళ మాటామంతీ అంతే. ఈ మధ్య నేను కట్టిన విల్లు ప్రతీదీ నీ జిగురుతోనే కట్టాను. మంచి జిగురే అనుకున్నాను.

జరిగింది చెబుతాను విను. గడ్డి పచ్చబడుతూనే తూర్పు గుంపువాళ్ళు మన మంద మీద పడ్డారు. ఈనడానికి ఉన్న ఆడ గుర్రాలన్నీ ఏటి వంపులో ఉన్నాయి. కేక వినబడగానే ఆడా మగా అంతా ఎక్కారు. మొగుడు పోయిన దగ్గర్నుంచి అర్దిక మళ్ళీ విల్లు పట్టింది కదా, అందరికంటే ముందు అదే వెళ్ళింది. నా మోకాలు వాచి ఉంది, నేను బళ్ళ దగ్గరే ఆగిపోయాను. దాని పక్కన ఉన్నది మీ మామయ్య గోసకుడు. వాడు చెప్పింది ఇదీ. ఎదురుగా ఒక రౌతు ఈటె దించి వస్తున్నాడు. మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు. అర్దిక బాణం పెట్టి నారి లాగింది. ఎండుకర్ర విరిగినట్టు చప్పుడయింది. విల్లు దాని చేతిలోనే విచ్చుకుపోయింది. అది ఆ విల్లు వంక చూస్తూ ఉండిపోయిందట. గుర్రాన్ని తిప్పలేదు, కత్తి దూయలేదు. ఈటె వచ్చి గొంతు కింద దిగింది.

బిత్తరపోయింది అక్కా, ఏం చేయాలో తోచలేదు దానికి, అన్నాడు గోసకుడు. అర్దిక బిత్తరపోవడమేమిటి? పాలపళ్ళు ఊడకముందే తోడేలు మీదికి గుర్రాన్ని తోలిన పిల్ల అది.

ఆ విల్లు నేను కట్టిందే. జిగురు నువ్వు పంపిందే.

మన కట్టడి నువ్వు మరిచిపోయి ఉండవు. ఆయుధం పట్టినవాళ్ళని ఆయుధమే మోసం చేస్తే, లోపం ఎవరి చేతిలో జరిగిందో ఆ చెయ్యి బదులు చెప్పాలి. ఇంటివాళ్ళయితే శిక్ష ఒకటి. పరాయివాళ్ళయితే ప్రాణానికి ప్రాణం. విల్లులో కొమ్ము నాది, కర్ర నాది, గొడ్డు నరాలు నేను నమిలి నానబెట్టినవి. మనవాళ్ళది కానిది ఆ విల్లులో జిగురొక్కటే. గోసకుడు ఇదే పట్టుకున్నాడు. బండి ఏ బిడారంలో ఆగితే అక్కడ, చనిపోయినదానికి మనతోపాటు కూడు వడ్డిస్తారు కదా, ఆ పళ్ళెం ముందు నిలబడి ఇదే చెబుతున్నాడు. సారాయిలో నీళ్ళు కలిపి అమ్మే మస్పా మొగుడు జిగురులో పిండి కలపడా అంటున్నాడు. వినేవాళ్ళ మొహాలు మారిపోతున్నాయి. ప్రతి బిడారం నుంచీ కొందరు రౌతులు వాడి వెంట కదులుతున్నారు. మన పెద్దల సమాధుల దిబ్బ దగ్గర అర్దికని పూడ్చేనాటికి మాట తేల్చి, అక్కడి నుంచి సూటిగా మీ ఏటి మొగ పట్నానికి వస్తామంటున్నారు. నీ మొగుడు హెర్మోను కోసం.

అందుకే అడుగుతున్నాను, నిజం చెప్పు. ఆ జిగురు ఎవరు కాచారు? నీ మొగుడు అందులో చెయ్యి పెట్టాడా? పెట్టి ఉంటే గోసకుడి కంటే ముందు నేనే వస్తాను. మోకాలు వాచినా గుర్రం ఎక్కగలను.

ఇది చెబుతుంటే ఫానేసు రాయడం ఆపేశాడు. చంపదలుచుకున్నవాళ్ళు ముందుగా ఉత్తరం పంపరమ్మా అన్నాడు. నోరు మూసుకుని రాయమన్నాను.

ఇంకొక్కటి. ఇది నా కడుపులో ఎప్పటినుంచో ఉన్నది, ఈ రోజు బయట పెడుతున్నాను. నీ బాణం కింద ఆ రోజు ఒకడు పడి ఉన్నాడు. గుర్రం మీంచి పడి, చేతులు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. బిడారమంతా చూస్తోంది. వేళ్ళు వదిలితే చాలు, నువ్వు పెళ్ళికి అర్హురాలివి. నువ్వు విల్లు దించేశావు. ఆ తరువాత మన గుడారాల్లో ఎవడూ నీ వంక చూడలేదు. శత్రువుని కూల్చని పిల్లని ఎవరు కట్టుకుంటారు? సారాయి అమ్ముకునే యవనుడు కట్టుకున్నాడు, వాళ్ళలో ఆ పట్టింపు లేదు కాబట్టి. నీ బండి వెళ్తుంటే నేను బయటికి రాలేదు. సరేలే, అర్దిక ఉందిగా, వీరురాలు ఒక్కతి చాలు అనుకున్నాను. ఇప్పుడు ఆ ఒక్కతీ లేదు. నా కడుపు కాలిపోతోంది మస్పా. మిగిలినదానివి నువ్వు. నిన్ను తిట్టాలో పిలవాలో కూడా నాకు తెలియడం లేదు.

ఉప్పు బళ్ళవాడు ఈ ఉత్తరం ఇచ్చి, నీ జవాబు తీసుకునే వస్తాడు. మేం నెమ్మదిగానే నడుస్తున్నాం.

మీ అమ్మ,
సైవన
కింద మసితో వేసినది నా కుడి బొటనవేలి ముద్ర.


ఏటి మొగ పట్నం నుంచి

అమ్మకు, మస్పా రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది. ఇన్నేళ్ళ తరువాత నీ మాట వినబడిందని ఒక పక్క, అది మోసుకొచ్చిన కబురు ఒక పక్క. వాకిట్లోనే కూర్చుని చదివాను. ఉప్పు బళ్ళాయన నీళ్ళు ఇచ్చాడు. ఏడవడానికి ఇక్కడ నాతో కూర్చునేవాళ్ళు లేరు. వీళ్ళు ఏడుపు కూడా తలుపు వేసుకుని ఏడుస్తారు.

నువ్వు అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. ఆ జిగురు నేనే కాచాను. ప్రతి ఏడూ నేనే కాస్తాను. పెద్ద ఏటి చేపలు వలలో పడినప్పుడు రేవుకి వెళ్ళి, కడుపులోని గాలితిత్తులు నేనే ఏరుకుంటాను. పొర ఒలిచి, ఏటినీళ్ళలో నానబెట్టి, మరగనివ్వకుండా సన్నని సెగ మీద పెడతాను. నీళ్ళు ఒక్కసారి తెర్లితే జిగురు చచ్చిపోతుందని నువ్వు నా వీపు మీద చరిచి నేర్పింది నేను మరిచిపోలేదు. హెర్మోను ఆ వాసనకి ఇంట్లో నిలవడు, ముక్కు మూసుకుని రేవులోకి పారిపోతాడు. జిగురు కాగిన ప్రతిసారీ మీ అమ్మ మనింటికి వచ్చినట్టుందే అని వేళాకోళం చేస్తాడు. ఆయన చెయ్యి అందులో పడలేదమ్మా. లోపం ఉంటే నాదే. గోసక మామయ్య రౌతులని తెస్తే, ఆయన్ని కాదు, నన్ను చూపించు. నేను ఎక్కడికీ పోను. పడవలున్నాయి, దాటిపోవచ్చు. కాని పారిపోయానంటే తప్పు ఒప్పుకున్నట్టే కదా.

ఇప్పుడు నీకు తెలియని మాట చెబుతాను. అక్క బతికుండగా చెప్పవద్దంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు?

పోయిన ఆకురాలు కాలంలో అక్క తోళ్ళు అమ్మడానికి పట్నం వచ్చిందని నీకు తెలుసు. తోళ్ళు ఒక పూటలో అమ్ముడయిపోయాయి. అక్క మా ఇంట్లో ఉండిపోయింది. మా వంటింటి గచ్చు మీద పడుకుని, పగలూ రాత్రీ తేడా లేకుండా నిద్రపోయింది. లేచినప్పుడు ఉప్పుచేప, రొట్టె పెడితే తినేది, మళ్ళీ పడుకునేది. జబ్బు చేసిందేమోనని భయపడ్డాను. ఇక్కడ గుర్రాలు అరవవే, అందుకని నిద్ర పడుతోంది, అంది.

ఒక పొద్దున నేను రొట్టె చేస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. నా చేతులు పట్టుకుని వేళ్ళు చూసింది. ఆ రోజు వీటిని ఎలా ఆపావే అని అడిగింది. భయమేసి ఆపానక్కా, అందులో గొప్పేముంది అన్నాను.

"భయం కాదులే. నా వేళ్ళు నన్ను అడగవు మస్పా. అమ్మ నేర్పినట్టు వాటంతట అవే వదిలేస్తాయి. వదిలాక చూస్తాను, ఎవడో కింద పడి ఉంటాడు. మొన్న ఒకడు పడి, వాళ్ళమ్మని పిలిచాడు. వాళ్ళ భాష కూడా మనలాంటిదేనే."

ఇంక వెళ్ళకు, మొగుడు పోయినంత మాత్రాన మళ్ళీ విల్లు పట్టాలని ఏముంది, అమ్మకి చెప్పు అన్నాను. అక్క నవ్వింది. అమ్మకి నువ్వు లేవు, నేను కూడా లేకపోతే ఎలాగే, అంది. తరువాత చాలాసేపు తన కూతురు తిర్కా గురించే మాట్లాడింది. అమ్మ అప్పుడే దానికి కొమ్ము కోసి ఆరబెట్టేసింది, వచ్చే ఏడు చిట్టి విల్లు కట్టేస్తుంది, దానికి నా ఒడుపే వచ్చిందని మురిసిపోతోంది, అని చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. అక్క ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

అమ్మా, ఒక్కటి అడుగుతాను. విల్లు నువ్వు విప్పి చూశావా? జిగురు చెడితే నరం పొరలు పొరలుగా లేస్తుందని, కొమ్ము మీద తెల్ల మచ్చ పడుతుందని నువ్వే చూపించావు. చూడు. నీ కళ్ళని నేను నమ్ముతాను. గోసక మామయ్య నోటిని నమ్మను.

నన్ను తిట్టాలో పిలవాలో తెలియడం లేదన్నావు. తిట్టు. ఏదో ఒకటి అను. ఊరుకోవద్దు.

నీ కూతురు,
మస్పా


దిబ్బల దగ్గర నుంచి

అమ్మా మస్పా, నా బంగారుతల్లీ, మీ అమ్మ మాటలు.

అర్దికని పూడ్చేశాం. నీ మొగుణ్ణి నిమ్మళంగా ఉండమను. ఎవరూ రారు. రౌతులంతా ఎవరి బిడారాలకి వాళ్ళు మళ్ళిపోయారు.

నీ ఉత్తరం ఫానేసు నాకు చదివి వినిపించినప్పుడు వాణ్ణి కొట్టబోయాను. నువ్వు కల్పించి చదువుతున్నావురా, నా అర్దిక ఏడవదు, అన్నాను. వాడు తోలు ముక్క నా చేతిలో పెట్టి, నాకింత కల్పించే తెలివే ఉంటే బానిసగా ఎందుకు పడి ఉంటానమ్మా అన్నాడు. ఇంకోసారి చదవమన్నాను. ఆ పైన ఇంకోసారి.

చనిపోయినవాళ్ళ ఆయుధాన్ని దిబ్బ చేరేదాకా ఎవరూ విప్పకూడదు. చేరాక తల్లి విప్పి, తుడిచి, పక్కన పెట్టాలి. దిబ్బ దగ్గర గొయ్యి తవ్వుతుండగా, నేను బండి తెర దించుకుని, అర్దిక పక్కన కూర్చుని, విల్లుకి చుట్టిన తోలు విప్పాను. నువ్వు చెప్పావని కాదు, ఎలాగూ విప్పాలి.

జిగురులో ఏ లోపమూ లేదు. తెల్ల మచ్చ లేదు. పొరలు లేవలేదు. కొమ్ముకీ కర్రకీ పట్టిన పట్టు పట్టినట్టే ఉంది. అంత మంచి జిగురు నా తల్లి కూడా కాచి ఉండదు. ఈ మాట ఏ ఏడాదికి ఆ ఏడాది చెప్పి ఉండాల్సింది.

విల్లు వీపు మీద, పిడికిలికి జానెడు ఎగువన, నరాల పొరని అడ్డంగా కోసి ఉంది. సన్నని కత్తితో, నిదానంగా, కర్ర దాకా కోసింది. చిరిగిన నరం పీచులా లేస్తుంది. ఇది నున్నగా ఉంది. విల్లుకి చుట్టే బెరడు దాని మీద మళ్ళీ అంటించి, దారంతో ముడి వేసి ఉంది. ఎడమచేతి ముడి. మనలో ఎడమచేత్తో ముడి వేసేది ఎవరో నీకు నేను చెప్పాలా? చిన్నప్పుడు ఆ ముడి మార్పించాలని నేను చేతి మీద ఎన్ని దెబ్బలు వేశానో నువ్వు చూశావు. మారలేదు.

చావాలనుకుందో, చంపకూడదనుకుందో నాకు తెలియదు. విల్లు విరిగిందని చెప్పి వెనక్కి వచ్చేద్దామనుకుందేమో. ఆ కుర్రాడి మొహం చూసి ఆగిపోయిందేమో. దాన్నే అడిగాను. మైనం పూసిన మొహం, ఏం చెబుతుంది? ఒక్కసారి నాతో అని ఉంటే నేను ఒప్పుకునేదాన్నా అని నన్ను నేనే అడిగాను. ఒప్పుకునేదాన్ని కాదు. తిట్టిపోసేదాన్ని. అది దానికి తెలుసు.

అంతలో బయటి నుంచి గోసకుడు పిలిచాడు. గొయ్యి అయిపోయిందట, పెద్దలంతా కూర్చున్నారట. మస్పా, నా స్థితి ఆలోచించు. ఉన్నది ఉన్నట్టు చెబితే, సొంత విల్లు కోసుకుని పోరులోకి వెళ్ళినదానికి మన దిబ్బల్లో చోటు ఉండదు. కత్తి పెట్టరు, గుర్రాన్ని తోడు పంపరు, గడ్డిలో వదిలేసి బండి తిప్పుకుంటారు. తిర్కాని జీవితాంతం పిరికిదాని కూతురంటారు. చెప్పకుండా ఊరుకుంటే రౌతులు మీ పట్నం దారి పడతారు. ఒక కూతురు పోయింది. దాని పరువు నిలబెట్టాలంటే రెండోదాన్ని పోగొట్టుకోవాలి. రెండోదాన్ని కాపాడాలంటే మొదటిదాన్ని మళ్ళీ చంపాలి.

బెరడు మళ్ళీ చుట్టేశాను. నాకు వచ్చిన ముడే, కుడిచేతి ముడి వేశాను. బయటికి వచ్చి, అందరి ముందూ చెప్పాను. జిగురులో దోషం లేదు, దోషం నాది, కట్టిన విల్లు ఏడాది ఆరాలి, నేను ఆరనివ్వలేదు, నా కూతురు తొందరపెడితే పచ్చిగా ఉండగానే నారి ఎక్కించి ఇచ్చేశాను, అన్నాను.

గోసకుడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చిన్నప్పుడు వాణ్ణి గుర్రం ఎక్కించింది నేను, నా మొహం వాడు బాగా చదవగలడు.

"అక్కా, నీ చేతిలోంచి పచ్చి విల్లు బయటికొచ్చిందంటే నేను నమ్మను."

"ముసలిదాన్నయ్యాను. నమ్ము."

"ఆ విల్లు ఒకసారి నన్ను చూడనీ."

"తల్లి విప్పిన ఆయుధాన్ని ఇంకో చెయ్యి ముట్టకూడదు. ఆ సంగతి నీకు నేను నేర్పాలా?"

వాడికి తెలిసిపోయిందనుకుంటాను. తల దించుకుని పెద్దల వైపు తిరిగి, మా అక్క ఒప్పుకుంది, ఇక పట్నం మాట ఎత్తవద్దు అన్నాడు. విల్లు నేనే తీసుకెళ్ళి అర్దిక భుజం కింద పెట్టాను. అద్దం పగలగొట్టి గుండెల మీద పెట్టాం. మొదటి మట్టి నేనే వేశాను. బిడారానికొక గుర్రం చొప్పున చెవి గాటు పెట్టి దానితో గోతిలోకి తోడు పంపారు, ఒక్క బిడారం కూడా మానలేదు. వీరురాలికి జరగాల్సినవన్నీ జరిగాయి.

ఇంటివాళ్ళ తప్పుకి శిక్ష ఏమిటో నీకు తెలుసు కాబట్టి ఉలిక్కిపడి ఉంటావు. కంగారు పడకు. ఇప్పుడు అవన్నీ ఎవరు పట్టించుకుంటున్నారు? మందలించారు. ముసలిదాన్ని కదా అని నా దగ్గర ఒక గుర్రం తీసుకుని సరిపెట్టారు. హాయిగానే ఉన్నాను. తింటున్నాను.

తిర్కాని నీ దగ్గరికి పంపుతున్నాను. ఫానేసు తీసుకొస్తాడు. వాడి కాలి గొలుసు తీసేశాను, ఇక వాడు ఎవరికీ బానిస కాడు, మీ పట్నంలో ఎక్కడ ఉండాలంటే అక్కడ ఉంటాడు. అందుకే ఈ తోలు మీద ఇంత ధైర్యంగా నిజం చెబుతున్నాను. చదివాక పొయ్యిలో వెయ్యి. పిల్లకి మాత్రం వాళ్ళమ్మ ఈటెకి ఎదురు నిలబడిందని చెప్పు. అదీ అబద్ధం కాదు.

తిర్కా అన్నం మారాం చేయకుండా తింటుంది. కాని గోడల మధ్య పడుకోవడం ఎరగదు, మొదట్లో తలుపు తీసి ఉంచు. మూట కడుతుంటే నా విల్లేది అమ్మమ్మా అని అడిగింది. దాని కోసం కోసి ఉంచిన కొమ్ముతో దువ్వెన చేయించాను. నేనే చేద్దామనుకున్నాను, కుదరలేదు. ఫానేసు చెక్కాడు. తన నోట్లో లేని పళ్ళన్నీ దానికి పెట్టాడు, అన్నీ వంకరే. అయినా దాని జుట్టుకి పనికొస్తుంది.

ఆ రోజు నువ్వు విల్లు దించి ముందుగా చూసింది నా వంక. నేను మొహం తిప్పుకున్నాను. ఈ ఉత్తరంలో ఆ మొహం మళ్ళీ ఇటు తిప్పుతున్నాను అనుకో.

చలి ముదిరేలోపు జిగురు పంపడం మానకు.

మీ అమ్మ,
సైవన
ఈసారి ముద్ర ఎడమచేతిది. కుడిచేతికి కళ్ళెం ఒరుసుకుని కట్టు కట్టారు. పెద్ద దెబ్బేమీ కాదు.


అమ్మాయీ మస్పా, నేను ఫానేసుని.

మీ అమ్మ చెప్పనిది ఇన్నేళ్ళలో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఇది దారిలో, బండి ఆగినచోట, తిర్కా నీళ్ళు తాగుతుండగా రాస్తున్నాను. ఇది చదివేసరికి నేను నీ ఎదురుగానే ఉంటాను. కాని నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు.

కళ్ళెం ఒరుసుకోలేదు. నరాలు అదిమి విల్లు కట్టే ఆ కుడి బొటనవేలు ఇప్పుడు లేదు. గొయ్యి పూడ్చకముందే, పెద్దలందరి ముందూ, ఆమే చెయ్యి చాపింది. గోసకుడు తన వల్ల కాదని కత్తి పారేశాడు. ఇంకెవరో చేశారు. ఆమె అరవలేదు. ఆ వేలు తీసుకుని తనే గోతిలోకి దిగింది. అర్దిక గుప్పిట విప్పి, అందులో పెట్టి, మళ్ళీ మూసింది. నా కూతురికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా అంది. పైకి రావడానికి నేను చెయ్యి అందించాను.

రేపు ఆమె పోతే ఆమె గోతిలో విల్లు పెట్టరు, బాణం పెట్టరు. తిర్కా బండి ఎక్కాక కనుమరుగయ్యేదాకా ఎడమచెయ్యి ఊపుతూ నిలబడింది. అమ్మమ్మ ఆ చెయ్యి ఎందుకు ఊపుతోంది, అమ్మ చెయ్యి కదా అది, అని పిల్ల అడిగింది. నేను బండి తోలాను.

నాకు ఒక్కటి అర్థం కాక, బయలుదేరే ముందు అడిగాను. ఇక విల్లు కట్టవు కదమ్మా, మస్పాని జిగురు పంపమనడం ఎందుకు? ఆ మాట కొట్టేయనా?

"ఉంచరా" అంది.

మానకుండా పంపు.

ఫానేసు